మార్తమ్మ టీచరు దిద్దిన చివరి ఉత్తరం

మహబూబ్‌నగర్‌లో మాకు ఇంగ్లీషు చెప్పిన మార్తమ్మ టీచరు ఇక లేరు. ఆ కబురు పట్టుకొని, మా బడిలో వంట చేసే రహీమాబీ నిన్న రైలు దిగి ఆలేరులో మా గుమ్మం ముందు నిలబడింది. జ్వరంతో ఉన్న పాపను భుజాన వేసుకుని తిరుగుతున్న నేను ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

“టీచరమ్మ బాధ పడకుండ పోయిందా?” అని అడిగాను.

“ఎక్కడిదమ్మా. వారం దినాలు తండ్లాడింది. నేను పక్కకే ఉన్న, చెయ్యి ఇడ్వలే. సుఖంగ పోయిందని చెప్తే నీకు జర నిమ్మళమే. కానీ అబద్ధమాడితే ఆమె సమాధిల కెల్లి లేచొచ్చి నన్ను బెంచీ ఎక్కిస్తది.”

కొత్తకోట దగ్గరి పల్లెలో కూలిచేసే ఇంట పుట్టిన మార్తమ్మగారికి ఒక పెద్ద నిఘంటువే ఆస్తి. అందులోంచి ఒకనాడు ‘సూద్’ అనే క్రియ చెప్పారు. ఏడ్చే బిడ్డను ఊరడించడానికీ, పుండు మంట చల్లార్చడానికీ ఇంగ్లీషులో ఆ మాట వాడతారు. దాని మూలం మాత్రం ‘నిజం’ అనే అర్థమున్న ఒక పాత మాట. దాని అర్థం ఇలా మారుతూ వచ్చింది: తొలుత నిజమని రుజువు చేయడం, తర్వాత ఎదుటివారు ఏమన్నా నిజమేనని తలూపడం, ఇచ్చకాలాడడం, చివరికి ఊరడించడం.

“నడుమ ఎట్ల దారి తప్పిందో చూసిన్రా? మీరు మొదటి అర్థం ఇడువకుండ్రి. తల ఊపుడు ఊరడింపు గాదు,” అన్నారు.

ఆ వారమే బడికి టీకాలవాళ్లు వచ్చారు. ఏడుస్తున్న చిన్నపిల్లతో నేను, “ఏం నొప్పి పుట్టదు,” అన్నాను. టీచరు నన్ను పక్కకు జరిపి, “నొప్పి పుడతది బిడ్డా. అయిపోయేదాక నా చెయ్యి పట్టుకో,” అన్నారు.

“గట్ల చెప్తే పారిపోతది టీచరమ్మా.”

“పారిపోతే ఉరికి తెచ్చుడు నీ పని. నమ్మకం పోతే ఎవ్వలు తెస్తరు?”

ఆ పిల్ల పారిపోలేదు.

నేను కాలేజీకి వెళ్లాక ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాయమనేవారు. ప్రతిదాన్నీ ఎర్ర పెన్సిలుతో దిద్ది తిప్పి పంపేవారు. పెళ్లయి, రైల్వే స్టేషనులో ఉద్యోగం చేసే భర్తతో ఈ ఊరొచ్చాక నా తప్పులు చూసే మనిషి ఆమె ఒక్కరే. కడుపులో గడ్డతో ఆమె మంచం పట్టారని తెలిసీ, పాప జ్వరం వల్ల వెళ్లలేక ఉత్తరం రాశాను: మీకు త్వరలో నయమవుతుంది, మేమంతా క్షేమం.

రహీమాబీ కొంగుముడి విప్పి నాకిచ్చింది ఆ కాగితమే. అక్షరదోషాలు దిద్దలేదు. ఆ రెండు వాక్యాల కింద మాత్రం వణికిన ఎర్రగీతలు. అడుగున తెలుగులో: “నాకు నయం గాదు, నాకెరుకే. బిడ్డ బాగుంటే నువ్వు రాకుండ ఉండవు. దాని సంగతి నిజం రాయి.”

టీచరమ్మా, నిజమే రాస్తున్నాను. పాపకు ఎనిమిది రోజులుగా జ్వరం. పాలు సరిగా తాగడం లేదు. దాని చెవిలో ‘ఏం కాదు’ అనడం మానేశాను, ‘నేనున్న’ అంటున్నాను. నాకు చాలా భయంగా ఉంది. మీ దగ్గరికి రాలేకపోయాను.

ఇందులో తప్పులుంటే దిద్దేవారు ఇక లేరు.