వదిన తిప్పిన మూతి

ఇవాళ నా డిగ్రీ పట్టా చేతికొచ్చింది. ముందు ఈ మాట చెప్పేస్తే నా కడుపుబ్బరం తీరుతుంది, మిగతాది నెమ్మదిగా చెప్పుకోవచ్చు. కాలేజీ నుంచి బస్సులో మేముండే రోలాకి వస్తూ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీట్లో ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి, ముక్కూ మొహం తెలియదు, ఆమెకి కూడా అట్ట తెరిచి చూపించాను. పాపం, ఫోన్ పక్కన పెట్టి మరీ చూసింది. మా అమ్మ బీడీలు చుట్టింది. నాన్న ఈ దుబాయ్‌లోనే ఇటుకలు మోసి, నడుం పోగొట్టుకుని ఇంటికెళ్ళాడు. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే, అదీ నలభై దాటాక. అమ్మకి ఫోన్ చేస్తే ఏడ్చింది. మా ఆయన సైటులో ఉన్నాడేమో, ఎత్తలేదు. ఆ తర్వాత ఎవరికి చెప్పాలా అనుకుంటే, వింతగా వదిన గుర్తొచ్చింది.

సొంత వదిన కాదు. కరోనా తగ్గీ తగ్గని రోజుల్లో రోలాలో ఒకే ఫ్లాటుని రెండు కుటుంబాలం పంచుకున్నాం. ఫ్లాటు వాళ్ళాయన పేరు మీద ఉండేది. హాలు వాళ్ళది, చిన్నగది మాది, వంటిల్లు ఇద్దరిదీ. వదిన మా కరీంనగర్ వైపు మనిషే. ఆవిడ చేపల పులుసు పెడితే ఆ వాసనకి వరండాలో మలయాళీలు తలుపులు తెరిచేవారు. ఆవిడ నోరు తెరిస్తే మూసుకునేవారు. అప్పట్లో నేను ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. డిగ్రీ లేకుండా అకౌంట్స్‌లోకి తీసుకోనని మా ముదీర్, అంటే మేనేజరు, తేల్చేస్తే, పంతానికి పోయి కాలేజీలో చేరాను. ప్రవేశ పరీక్షలో లెక్కలు ఎంత ఘోరంగా చేశానంటే, నన్ను ఆల్జీబ్రా క్లాసుతో పాటు దానికి తోకలాంటి సపోర్ట్ క్లాసులోనూ వేశారు. మొదటిసారి రెండూ పోయాయి. రెండోసారి కూడా పోతే సీటే ఖలాస్ అన్నారు.

క్లాసులన్నీ ఫోన్లోనే. అసలు క్లాసు అయిపోగానే తెలివైన పిల్లల మొహాలు ఒక్కొక్కటే తెర మీంచి మాయమయ్యేవి, నాలాంటి మందమతులం కొందరం మిగిలేవాళ్ళం. వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవారు, ఆసుపత్రిలో రోగి దగ్గర సెలవు తీసుకున్నట్టు. నెట్ వంటింట్లోనే బాగా అందేది కాబట్టి బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, ఒక చేత్తో చపాతీ ఒత్తుతూ వినేదాన్ని. నాకు ఎంతకీ ఎక్కనిది ఒకటే. పెద్దదీ చిన్నదీ చెప్పే గుర్తు ఉంటుంది కదా, కొంగ ముక్కులా తెరుచుకుని పెద్దదాని వైపు చూసేది. రెండు పక్కలా మైనస్ అంకెతో భాగిస్తే ఆ ముక్కు అటు నుంచి ఇటు తిరగాలి. నేను ప్రతిసారీ మర్చిపోయేదాన్ని. సారు చెడ్డవాడు కాదు, విసిగిపోయినవాడు. "తిప్పండి మేడమ్, తిప్పండి" అని తల పట్టుకునేవాడు. నేను దాన్నే తెలుగులో పైకి వల్లించేదాన్ని. వదిన పొయ్యి దగ్గర నిలబడి అంతా వినేది.

సెలవు రోజున వాళ్ళింటికి చుట్టాలొస్తే, చాయ్‌తో పాటు నన్ను కూడా వడ్డించేది. "మా ఇంట్ల కాలేజ్ పోరి ఉన్నది, ఎట్ల సదువుతదో సూస్తరా?" అని మొదలుపెట్టి, "మైనస్ అచ్చెనా? ఇగ మూతి తిప్పాలె!" అంటూ మూతిని కుడి చెవి దాకా సాగదీసి, అక్కడి నుంచి ఎడమ చెవికి తిప్పేది. తరవాత వెర్రిచూపులు చూస్తూ నేనైపోయేది. "అయ్యో సారూ, మల్ల మర్సిన!" హాలంతా ఘొల్లుమనేది. మా ఆయన కూడా నవ్వాడు ఒకసారి. ఆ నవ్వు నాకింకా జీర్ణం కాలేదు.

చివరి పరీక్షకి ముందు మార్కులు కలిసే చిన్న పరీక్ష ఒకటి ఇంటి నుంచే రాయాలి. ముందురోజే ఆవిడకి చెప్పి, బతిమాలుకుని, ఆవేళ వంటింటి సందడి లేకుండా మా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. సగంలో నెట్ పోయింది. వంటింట్లోకి పరిగెత్తితే రౌటర్ ప్లగ్గు గట్టు మీద పడి ఉంది, దాని చోట మిక్సీ తిరుగుతోంది.

"వదినా, పరీక్ష అని చెప్పిన గదా!"

"పచ్చడి నూరద్దా మరి? నీ సదువుకు మేం పస్తులుండాల్నా?" అని మిక్సీ మీద చెయ్యి తీయకుండానే అంది.

అందులో సున్నా వచ్చింది. ఇక కాలేజీకి వెళ్ళి రాయాల్సిన చివరి పరీక్షే దిక్కు. అది గట్టెక్కకపోతే నేను రిసెప్షన్ బల్ల వెనకే ముసలిదాన్నవుతాను.

ఆ పరీక్షలో పెద్ద లెక్క సరిగ్గా అదే. మైనస్ మూడు ఎక్స్ పదిహేను కన్నా ఎక్కువ, ఎక్స్ ఎంత? అలవాటుగా మైనస్ ఐదు కన్నా ఎక్కువ అని రాసేసి, పేజీ తిప్పబోయాను. అప్పుడు కాగితం మీద, గుర్తు ఉన్న చోట, వదిన మూతి కనబడింది. కుడి చెవి దాకా సాగి, మెల్లగా ఎడమ వైపు తిరిగింది. నేను కొట్టేసి, తక్కువ అని దిద్దాను. ఆ తర్వాత ఎక్కడ మైనస్‌తో భాగించినా ఆవిడ వచ్చి మూతి తిప్పి వెళ్ళేది. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. అది దాటాక మిగతా డిగ్రీ అంతా ఒక లెక్కా?

మేమిప్పుడు అదే వీధిలో వేరే ఫ్లాటులో ఉంటున్నాం. ఇవాళ బస్సు దిగి ఇంటికి పోకుండా లడ్డూలు కొనుక్కుని నేరుగా వదిన తలుపు కొట్టాను. పట్టా చూపిస్తే ముట్టుకోలేదు గానీ, లడ్డూ మాత్రం తీసుకుంది.

"ఇగ దీన్నేం జేస్తవే? పెండ్లిసూపులకు పట్టుకపోతవా?"

"అకౌంట్స్‌ల కుర్సీ ఇస్తున్నరు వదినా."

నములుతున్న నోరు ఆగింది. ఆ మూతి కుడికి సాగి, ఎడమకి తిరిగింది. ఎన్నేళ్ళయినా అదే వంపు! నాకు పట్టలేనంత నవ్వొచ్చింది.

"ఏందే, పిచ్చి లేసిందా? ఎందుకు నవ్వుతున్నవ్?"

చెప్పలేదు. నన్ను గట్టెక్కించింది ఆ మూతే అని తెలిస్తే, ఎంత కాదన్నా ఆవిడ మురిసిపోయేది. ఆ మురిపెం ఆవిడకి ఇవ్వదలచుకోలేదు. కాలం గాయాలు మాన్పుతుందంటారు. నాకు మాత్రం వాటిని చెడిపోకుండా దాచిపెట్టి, నవ్వుకోవడానికి సరైన రోజు చూసి తిరిగి ఇచ్చింది.