ఎనిమిదో సైకిలు

త్యాలింగ్ హూకెమాకు ఉన్న లోపం ఒక్కటే: ఏడుగురిని లెక్కపెడితే ఎనిమిదిమంది తేలేవారు. ద్వీపానికి వెళ్లే ఓడ మీద ముప్పయ్యొక్క ఏళ్లు ప్రయాణికులను లెక్కించిన మనిషికి ఇది రాదగిన లోపం కాదు. నిరుటి శరత్కాలం దాకా ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదని మంగళవారం సైకిలు బృందంలో అందరూ ఒప్పుకుంటారు.

ఆ బృందం నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్ సముద్రపు కట్ట వెంబడి ప్రతి మంగళవారం యాభై కిలోమీటర్లు తిరిగేది. దారులు కలిసే చోట్ల నంబరు పలకలుంటాయి. వాటిలో కొన్నింటి దగ్గర త్యాలింగ్ ఉన్నట్టుండి సైకిలు దిగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, అందరి భుజాల మీదుగా ఖాళీ దారిలోకి చూసేవారు.

"ఇంకొకరు రావాలి. ఆగండి."

ఎవరూ వచ్చేవారు కారు. అయిదు నిమిషాలయ్యాక ఆయనే, "సరే పదండి, దారిలో కలుస్తాడులే," అనేవారు. ఈ రెండో మాటకే ఎక్కువమందికి వెన్నులో చలి పుట్టేది. కాఫీకి ఆగితే ఎనిమిది కప్పులు, మీగడ వేసిన ఎనిమిది ఆపిల్ కేకు ముక్కలు తెప్పించేవారు. ఎనిమిదో ముక్కను బృంద నాయకుడు వీబ్రెన్ తినేసేవారు. దెయ్యాలకు మీగడ పడదని ఆయన వాదన.

వీబ్రెన్ నియమాల మనిషి. ఎవరికోసమైనా మూడుసార్లు ఆగవలసివస్తే, ఆ వ్యక్తి గురువారం బ్యాటరీ సైకిళ్ల బృందానికి మారాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఎనిమిదో మనిషి కోసం ముప్పయిసార్లు ఆగారు గనుక అతణ్ణి గురువారానికి మారుస్తూ ఆయన ఉత్తరం కూడా రాశారు. చిరునామా దొరకక అది జేబులోనే ఉండిపోయింది.

ఈ వేళాకోళానికి నవ్వలేనిది హిల్యా ఒక్కతే. నిరుడు వేసవిలో వైద్యులు ఆమె ఊపిరితిత్తి ఒకటి సగం తీసేశారు. శరత్కాలంలో తిరిగివచ్చిన మొదటి వారమే ఆమె కోసం రెండుసార్లు ఆగారు. ఇంకొక్కసారి ఆగితే గురువారమే. పాత జీవితంలో ఆమెకు మిగిలినది ఈ మంగళవారం మాత్రమే.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పట్టపగలే సముద్రం మీదినుంచి పొగమంచు కమ్మింది. కట్ట మీద గొర్రెల తలలు మాత్రమే, కాళ్లూ ఒళ్లూ లేకుండా, తేలుతూ కనిపించాయి. వెనక ఎక్కడో సైకిలు గంట ఒక్కసారి మోగి ఆగింది. మోగించినది తాను కాదని ఏడుగురూ చెప్పారు.

ఆ రోజు కాఫీ దగ్గర వీబ్రెన్ ఎనిమిదో ముక్క తింటూ తాపీగా అన్నారు. "పోయిన వారం నువ్వు రాలేదుగా హిల్యా. ఆరుగురం వెళ్లాం, త్యాలింగ్ ఆరే లెక్కపెట్టాడు. ఒక్క పలక దగ్గరా ఆగలేదు. జనవరిలో నువ్వు ఆసుపత్రికెళ్లినప్పుడూ అంతే. ఆ శాల్తీ ఎవరోగానీ మనతో రావట్లేదు. నీతో వస్తున్నాడు."

హిల్యా చెంచా కింద పెట్టింది. ఆమె చాలాకాలం న్యాయస్థానంలో గుమాస్తాగా పనిచేసింది. సాక్ష్యం చూడందే భయపడే అలవాటు లేదు. త్యాలింగ్ ఎక్కడెక్కడ ఆగారో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. వంతెన ఎక్కాక. కట్ట మీద ఎదురుగాలిలో తొక్కాక. గాలి వెనకనుంచి తోసిన రోజున ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు. ఎదురుగాలిలో మాత్రమే పుట్టే దెయ్యం గురించి ఆమె ఎక్కడా వినలేదు. ఎనిమిదో మనిషి కోసం ఆగితే, అది ఆమె కోసం ఆగినట్టు కాదు. ఆయనకు కృతజ్ఞత చెప్పడానికీ వీల్లేదు. చెబితే ఆ ముప్పయిసార్లూ ఆమె పేరిట పడతాయి.

కాఫీ తర్వాతి మూడు కిలోమీటర్లూ తడిసిన ఎదురుగాలి. నలభై రెండో నంబరు పలక దగ్గరికి వచ్చేసరికి హిల్యాకు ఊపిరి అందడం లేదు. త్యాలింగ్ దిగి ఎనిమిది లెక్కపెట్టారు.

వీబ్రెన్ పెడలు మీదినుంచి కాలు తీయలేదు. "ఇవాళ ఆగేది లేదు. ఎవరైనా అలిసిపోతే ఆ మాట చెప్పండి, ఆగుతాను. లేదంటే పదండి."

హిల్యా పొగమంచులోకి తిరిగి చూసింది.

"వస్తున్నాడు," అంది. "నేను చూశాను."

"ఎవరు?"

"ముసలాయన. మెల్లగా తొక్కుతున్నాడు. పది నిమిషాలు పడుతుంది."

ఎవరూ కదల్లేదు. వీబ్రెన్ కాలు నేలమీదికి దిగింది. త్యాలింగ్ ముఖం పాలిపోయింది. ఆయన హిల్యా పక్కకు చేరి, గొంతు తగ్గించి, "నిజంగా చూశావా?" అని అడిగారు.

"ఇన్నాళ్లూ నువ్వే కదా చెబుతున్నావు," అంది ఆమె, రెండు మాటల మధ్య ఊపిరి తీసుకుంటూ.

త్యాలింగ్ మంచులోకి చూశారు. తర్వాత ఒక్కొక్కరి భుజం వేలితో తాకుతూ, తనను కలుపుకుని, లెక్కపెట్టారు. ఏడు. మళ్లీ పెట్టారు. ఏడే. అయినా ఆ పది నిమిషాలూ ఆయన హిల్యా సైకిలు హ్యాండిలు వదలలేదు. ఆమె చెయ్యి కూడా దాని మీదే ఉంది. ఎవరు ఎవరికి ఆసరాగా పట్టుకున్నారో నిర్ధారించడానికి తగిన ఆధారాలు లేవు.