రంగు తేలిందన్నారు

మొన్న నా చక్కెర పరీక్ష చూసిన డాక్టరమ్మ, నేను అడగకుండానే, ఒంట్లో రక్తం ఎంత ఉందో కూడా చూపించుకోమని రాసిచ్చింది. చక్కెర జబ్బు ముదిరితే మూత్రపిండాలు దెబ్బతిని రక్తం పుట్టడం తగ్గుతుందని, పథ్యం పేరుతో తిండి మానేసినా తగ్గుతుందని నెమ్మదిగా చెప్పింది. తలూపాను గానీ లోపల భగ్గుమంది. ఈ మాటలు నేను పాతికేళ్ల వయసులోనే విన్నాను. విని కూడా మా మేనత్తను దక్కించుకోలేకపోయాం.

డెబ్బైల నాటి ఉప్పుగూడ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, రైలు స్టేషను దాటగానే బర్రెల కొట్టాలు, పొద్దున్నే పాల క్యాన్ల చప్పుడు. ఆ కొట్టాల్లో ఒకటి మా మేనత్తది. నిగనిగలాడే నల్లటి మనిషి. ఆ నలుపుకు ఆమె అత్తగారు పెళ్లినాడే పేరు పెట్టింది, బొగ్గు అని. ఇంటికి ఎవరొచ్చినా "మా బొగ్గు చాయ్ తెస్తది" అని నవ్వేది, వచ్చినవాళ్లూ నవ్వేవాళ్లు, మేనత్త కూడా నవ్వేది. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నలభై దాటాక ఆమెకు చక్కెర జబ్బు వచ్చింది. వాడకట్టులో వైద్యులకు కొదవా? ఒకరు మాంసం మానుమన్నారు, ఇంకొకరు ఆకుకూరలు పడవన్నారు, ఒక బాబా వారం వారం ఉపవాసం ఉండమన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆమె ఇంత గంజి, కాకరకాయ రసం మీద బతుకుతోంది. క్యాను ఎత్తితే ఆయాసం, స్టేషను మెట్లెక్కితే కళ్లు తిరగడం. ముఖం పాలిపోయింది. అప్పుడు మనవాళ్లు చేసిన ఘనకార్యం చూడండి: మాదన్నపేటలో ఒక పెళ్లికి పోతే, చుట్టాలంతా ఆమెను చుట్టుముట్టి, రంగు తేలావని మెచ్చుకున్నారు! రక్తం లేని మనిషిని పట్టుకుని ఏం సబ్బు రాస్తున్నావని అడిగారు. అత్తగారు ఆనాటి నుంచి బొగ్గు అనడం మానేసింది.

ఆయాసం ఎక్కువయ్యాక నేనే సర్కారీ దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, పరీక్షలు చేయించి, రక్తం సగానికి పడిపోయిందని, చక్కెర ఇంకా కిడ్నీల దాకా పోలేదని, ఇదంతా తిండి మానిపించిన పాపమని కోప్పడి, ఇనుము మాత్రలు రాసింది. వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని, భయపడొద్దని కూడా చెప్పి పంపింది. ఇంట్లో అత్తగారు ఊరుకుంటుందా?

"లోపలంత నల్లగయితుంటే పైన తెల్లగెట్లుంటవే? మళ్ల బొగ్గే అయితవ్, సూస్కో!"

కొన్నాళ్లకు పోయి చూస్తే మనిషి ఇంకా నీరసించింది. మాత్రలేవని అడిగితే బర్రెల కుడితి గోలెం వైపు చూసింది. నేను గొంతు చించుకున్నాను. "అత్తా, బర్రెలకేస్తున్నవా? సావాలనుందా ఏంది నీకు?"

"బర్రెలు నల్లగున్నా ఎవ్వరేమనరు కదరా," అని చిన్నగా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. "ఇన్నేండ్లకు ఒక్కసారి నన్ను మంచిగున్నవన్నరు. గది గూడ గుంజుకుంటవా?"

దిష్టి మీదా బాబాల మీదా సభల్లో గంటల తరబడి వాదించినవాణ్ణి. నమ్మకాన్నయితే ఖండించవచ్చు, ఊరంతా కలిసి ఒక ఆడమనిషికి చిన్ననాటి నుంచి నేర్పిన పాఠాన్ని ఏమని ఖండించను?

ఆ ఎండాకాలమే పాలు పితుకుతూ కొట్టంలో ఒరిగిపోయింది. షుగర్ పొట్టన పెట్టుకుందన్నారు. మీ మెప్పుకోలు పొట్టన పెట్టుకుందని నేను వాకిట్లో నిలబడి అరిస్తే, పెద్దమనుషులు నన్ను చెయ్యి పట్టి బయటికి పంపారు.

ఇప్పుడు గల్లీకొక పరీక్షా కేంద్రం వచ్చింది, సాయంత్రానికి ఫలితం చేతికొస్తుంది. సంతోషమే. అయితే కిందటి నెల మేనత్త కొడుకు తన తల్లి పాత ఫొటోను పెద్దది చేయించి గోడకు పెట్టాడు. స్టూడియోవాళ్లు కంప్యూటర్‌లో ఆమెకు పసిమిఛాయ అద్దారు. "అమ్మ మస్తు కళగున్నది కద బావా?" అని మురిసిపోయాడు. నేను చాలాసేపు వెతికాను. పాల నురగ అంటిన నల్లటి చేత్తో నా తల నిమిరిన మనిషి ఆ పటంలో ఎక్కడా లేదు.