మంచు మీద నీడ

నా భార్య పోయేనాటికి ఆమె కంప్యూటర్‌లో ఒక బొమ్మ సగంలో ఉంది. ఉత్తర ధ్రువం వైపు రాత్రిపూట ఆకాశంలో కదిలే ఆకుపచ్చ వెలుగులు, కింద మంచు మైదానం, దూరంగా కొండలు. క్యాలెండర్లకూ పుస్తకాల అట్టలకూ ఇలా తను చూడని చోట్లను కంప్యూటర్‌లో తయారు చేయడమే ఆమె పని. మేముండేది మణుగూరులో. ఆమె పుట్టింది భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఊళ్లో.

"మంచే చూడలేదు, ఎట్ల చేస్తవు?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు చదివిన పుస్తకాల్ల ఊళ్లన్నీ చూసొచ్చినవా ఏంది? అక్కడోళ్లు చూసి, అవ్, గిట్లనే ఉంటది అనాలె. గంతే."

సంవత్సరీకం దగ్గర పడుతుండగా వాళ్లక్క ఫోన్ చేసింది. "ఆ బొమ్మ పూర్తి చేయి మరిదీ. ఆ రోజు గోడకు పెడదాం. ఫొటోకు దండేసి కూసోబెడితే ఊకునే మనిషి కాదది."

నాకు ఆ పని రాదు. నేర్చుకున్నాను. ఆ వెలుగుల అసలు ఫొటోలు ముందు పెట్టుకుని చూస్తే ఆమె ఎక్కడ ఆగిందో తెలిసింది. ఆమె వెలుగు దుప్పటిలా మందంగా ఉంది. నిజమైన వెలుగు కింది అంచున పదునుగా ఉండి, పైకి పోయే కొద్దీ పలచబడుతుంది. అందులో నిలువు గీతలుంటాయి. పైన ఎక్కడో కొంచెం ఎరుపు. వెనక నక్షత్రాలు కనబడాలి. మంచు కూడా కాస్త ఆకుపచ్చ కావాలి. అన్నీ సరిచేశాను. అయినా నిజంలా లేదు. ఆకాశం రంగు వెలిసిపోయినట్టుంది. మంచు మీద ఏదో పసుపు వెలుగు పడుతోంది. ఆ పసుపులో ఒక నీడ ఉంది. బొమ్మ కింది అంచు నుంచి కొండల వైపు పొడుగ్గా, మనిషి నీడ. బొమ్మలో మాత్రం మనుషులెవరూ లేరు.

నేనేదో చెడగొట్టాననుకుని, బొమ్మలో వెలుగు కోసం ఆమె అక్కడక్కడా పెట్టిన లైట్లన్నీ ఒక్కొక్కటే ఆపాను. చంద్రుణ్ని కూడా. నీడ పోలేదు. వెతగ్గా వెతగ్గా, మనం బొమ్మను చూసే చోటుకు వెనక ఒక చిన్న లైటు దొరికింది. దాని ముందు ఆమెలాగే జుట్టు ముడి వేసుకున్న ఆడమనిషి ఆకారం. ఆకారం బొమ్మలో పడకుండా, నీడ ఒక్కటే పడేలా ఆమె పెట్టింది.

వాళ్ల ఊళ్లో చీకటి పడ్డాక ఇద్దరు నడిస్తే బ్యాటరీ లైటు వెనకవాళ్ల చేతిలో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో నేను తెలియక లైటు పట్టుకుని ముందు నడిచాను. "నీ కాళ్లకే చూపిచ్చుకుంటున్నవు. నేను పాముల మీద నడవాల్నా? ఎనక్కి రా," అన్నది. ఆ తర్వాత ఎప్పుడూ వెనకే నడిచాను. ఆమె నీడ మా ఇద్దరికీ ముందు పోయేది.

లైటు పట్టుకున్న మనిషిని ఆమె చేయలేదు. లైటు ఒక్కటే నా ఛాతీ ఎత్తులో గాలిలో ఉంది.

మిగతా లైట్లన్నీ మళ్లీ వేసి, దాన్ని ఆపాను. ఆకాశం నల్లబడింది, నక్షత్రాలు పైకి తేలాయి, ఆకుపచ్చ వెలుగు కొండల మీదకు దిగింది. చూసినవాళ్లు అవుననే బొమ్మ అదే. ఆమె కోరిందీ అదే. మంచు మీద ఎవరూ లేరు.

కాసేపు చూసి, లైటు మళ్లీ వేసి, ప్రింటుకు పంపాను.

సంవత్సరీకం నాడు వదిన గోడ ముందు నిలబడింది. "ఆకాశం పాలిపోయింది గదా మరిదీ. ఈ పసుపు లేకుంటే అచ్చం అసలుదే అనుకుందురు." దగ్గరికి పోయి చూసింది. "ఈ నీడేంది?"

చెప్పాను. ఆమె నీడ వెంబడి వేలు పోనిచ్చింది.

"ఏడాదాయె. ఇంక దాన్ని పోనియ్యాలె," అన్నది.

"అవ్ వదినా," అన్నాను. అన్నం వేళ కావడంతో అందరూ లోపలికి వెళ్లారు. ఆ ఫైలులో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.