మూతి కలవని రింగులు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి, సన్నని అల్యూమినియం రింగులు ఒకదాంట్లో ఒకటి కలుపుతూ, మధ్యమధ్య క్రిస్టల్ పూసలు పెట్టి బ్రేస్‌లెట్ అల్లుతున్నాను. దాదాపు అయిపోవచ్చింది. పక్కసీట్లో అవ్వ తొంగి చూసింది.

"ఏంది బిడ్డా, కుక్కకా?"

"చేతికి, అవ్వా."

అందుకుని గోటితో తడిమింది. "గీ రింగు మూతి కలువలే. నేను బీడీలు చేస్త. మూతి గిట్లుంటే కార్ఖానల ఏరి పారేస్తరు," అంటూ నా పట్టకారు తీసుకుని దాన్ని పీకేసింది. తర్వాత ఇంకోటి.

"అవ్వా, చాలు!"

"ముప్పయ్యేండ్ల సంది నా బీడీలు ఏరేసిన్రు. ఒక్కపూట నన్ను ఏరనియ్యవా?"

పట్టకారు ఆమెకే వదిలేశాను. తాడ్వాయి దాటేసరికి నా ఒళ్లో రింగులు కుప్పపడ్డాయి. ఎల్లారెడ్డిలో దిగేముందు, మిగిలిన ముక్క కొసలు కలిపి నొక్కి నా వేలికి తొడిగింది.

"గిది పాసు."

ఇప్పటికీ వేలికే ఉంది. దాని మూతి ఎక్కడుందో నా గోటికి దొరకదు.