గేమ్ పెట్టెకు కొత్త తీగలు

ఆ పాత వీడియో గేమ్ పెట్టెను తన కొట్టు ముందు నిలబెట్టి ఆడించాలని మిక్సీలు బాగుచేసే వదిన ఆశ. సాయంత్రానికి అది పలక్కపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని మరిది పంతం పట్టాడు.

కుళ్లిన తీగలన్నీ పీకేసి, కొత్త తీగల కట్టను మీటలకు, బటన్లకు, స్పీకరుకు కలిపింది. ఇక ఆటను నడిపే సర్క్యూట్ బోర్డును కనెక్టరులో గుచ్చడమే మిగిలింది.

"ఇంకా నాన్చుతావేంటి వదినా, గుచ్చెయ్!"

"ఆగవయ్యా, నీ తొందర తగలెయ్య!"

బోర్డు పెట్టకుండానే కరెంటిచ్చి, ఖాళీ కనెక్టరుకు మీటరు ఆనించింది. ఐదు వోల్టులు ఉండాల్సిన చోట పన్నెండు! గుచ్చి ఉంటే బోర్డు మాడి మసయ్యేది. తారుమారైన రెండు తీగలను సరిచేసి, మళ్లీ కొలిచి, అప్పుడు గుచ్చింది.

తెర తళుక్కున వెలిగింది. పాట వీధంతా మోగింది. మరిది ఎగబడి ఆడి, చిటికెలో ఓడిపోయాడు.

"జరుగు, నేనాడతా," అంది వదిన.