లోపల జాలి

బాన్సువాడ దగ్గరి క్యాంపులో అందరూ కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్నవాళ్లే. అక్కడికి కాపురానికొచ్చిన లక్ష్మీకుమారికి ఇంట్లోనూ ఇరుగుపొరుగునా కోస్తా మాటే వినబడేది. ఇన్నేళ్లున్నా అక్కడి తెలంగాణ మాట సగమే వంటబట్టింది. వంటబట్టని సగమే ఆవిడ కొంప ముంచింది.

కాన్పుల తర్వాత గర్భసంచి జారింది. నాట్లప్పుడు వంగితే చాలు, ఏదో కిందికి దిగేది. 2005లో ఆపరేషన్ చేయించుకుంది. దవాఖాన నుంచి పంపేటప్పుడు నర్సు హీరాబాయి, "లోపల జాలి పెట్టి చేసినం అక్కా, ఇగ ఫికర్ చెయ్యకు" అంది. మనసులో అంత జాలి పెట్టుకుని చేశారా అని లక్ష్మీకుమారి కళ్లనీళ్లతో దణ్ణం పెట్టింది.

ఏడాది తిరక్కుండానే మరకలు, వాసన మొదలయ్యాయి. ఒకరోజు దగ్గరికి తీసుకున్న భర్త హరనాథబాబు "అబ్బా, ఏదో గుచ్చుకుంది" అని ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత అతని మంచం వసారాలోకి వెళ్లింది. ఎందుకని ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు!

ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి మీద ఆవిడ బెంగ పెట్టుకుంది. దూరదేశం వెళ్లిన మొగుడి కోసమైతే ఏడ్చినా అర్థముంటుంది. వసారాలో ఉన్నవాడి కోసం ఏడిస్తే జనం నవ్వరూ? అతను విప్పిన చొక్కా ఉతికే ముందు కాసేపు ఒళ్లో పెట్టుకునేది.

చూపించుకున్న చోటల్లా "ఆపరేషన్‌లో లోపల ఏమన్న పెట్టిండ్రా?" అని అడిగేవారు. లేదనేది. మాత్రలిచ్చి పంపేవారు. చివరికి నిజామాబాదులో ఒక డాక్టరమ్మ పరీక్ష చేసి కోప్పడింది.

"జాలి అంచు బయటికొచ్చింది. జాలి ఏసిండ్రని చెప్పవేందమ్మా?"

"జాలా? నా మీద జాలిపడ్డారనుకున్నానండీ."

డాక్టరమ్మ కిటికీకి కొట్టిన దోమల వల చూపించింది. "గిదమ్మా జాలి! గిసొంటి మెత్తటిది లోపల పెట్టి కుడ్తరు."

లక్ష్మీకుమారికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపొచ్చింది.

కొన్నాళ్లు పూతమందు రాయించి, తగ్గకపోతే పైకి తేలిన ముక్కను కత్తిరించారు. మిగతాది కండలో కలిసిపోయింది, కదిలించకూడదన్నారు. నెలలు గడిచాక మళ్లీ చూసి, "మానింది. కొంచెం నొప్పి ఉండొచ్చు గని, ఇగ ఆలుమగలు దగ్గరుండొచ్చు" అంది డాక్టరమ్మ. గుమ్మం దగ్గర హరనాథబాబు తలొంచుకుని విన్నాడు.

తిరుగు బస్సులో లక్ష్మీకుమారి ఇన్నాళ్లూ అడగని మాట అడిగేసింది. "నేనంటే అసహ్యమేసిందా?"

"అసహ్యమేంటే! నా వల్ల నీకు మళ్లీ నొప్పి పుడుతుందేమోనని భయం. అంతే."

ఆవిడ అతని చెయ్యి తీసుకుంది. అతను కంగారుగా వెనక్కి లాక్కోబోయాడు.

"చెయ్యేనండీ," అంది లక్ష్మీకుమారి. "దీనికెప్పుడూ నొప్పి లేదు."